కిలో పొడి అంత చిన్న ప్యాకెట్లో ఎలా పట్టింది?

"రెండు ప్యాకెట్ల మీదా ఒక కిలో అనే రాసి ఉంది. ఒకటి ఉబ్బి పెద్దగా ఉంది, ఇంకొకటి దాన్లో సగం కూడా లేదు. పైగా చిన్నదానికే ధర ఎక్కువ. దాన్లోంచి ఏం తీసేశారు? తీసేస్తే మళ్ళీ కిలో ఎలా తూగుతుంది?"

ఆరో తరగతి చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. నెలనెలా బట్టల పొడి కొనే పెద్దవాళ్ళకు ఇది తట్టినట్టు లేదు. తట్టినా "అది కాన్సంట్రేటులే" అని సరిపెట్టుకుంటాం.

నువ్వు అనుకున్నది నిజమేనమ్మా, తీసేశారు. తీసేసినవాటిలో మొదటిది గాలి. గాలికి తూకం ఉన్నా చాలా తక్కువ కాబట్టి అది పోయినా కిలో కిలోగానే ఉంటుంది, చోటు మాత్రం తగ్గుతుంది. రెండోది పెద్దగా ఉతికే పని చెయ్యని ఒక తెల్లటి లవణం. దాన్ని తీసేసిన చోట పనిచేసే సరుకు వేశారు, అందుకే ధర పెరిగింది. చెప్పడానికి ఇంతే. కానీ పొడిలోంచి గాలి తియ్యడానికి రసాయన ఇంజినీర్లు ఎందుకంత అవస్థ పడ్డారో తెలియాలంటే, అసలు ఆ గాలి అక్కడికి ఎలా వచ్చిందో ముందు చూడాలి.

ఒకే గ్లాసును ముందు మామూలు పొడితో, తర్వాత చిన్న ప్యాకెట్టు పొడితో అంచుకు సమంగా నింపి తూచి చూడు. పెద్ద ఫ్యాక్టరీల్లో పాత పద్ధతిలో చేసిన పొడి లీటరు కొలతకు దాదాపు 300 నుంచి 400 గ్రాములు తూగుతుంది. కాన్సంట్రేట్ పొడి 650 నుంచి 900 గ్రాముల దాకా తూగుతుంది. లీటరు నీళ్ళు కిలో అని నీకు తెలుసు. బట్టల పొడిలో ఉండే సోడా, లవణాలు నీటికంటే రెండు రెట్లకు పైగా బరువైనవి. అంత బరువైన వాటితో చేసిన పొడి నీళ్ళలో మూడో వంతు తూగడమేమిటి? కొలతలో సగానికి పైగా ఖాళీ చోటు ఉంటే తప్ప అలా కుదరదు. ఒకే సైజు గుండ్రటి పలుకుల్ని ఎంత కుదించి పోసినా వాటి సందుల్లో మూడో వంతుకు పైగా చోటు మిగిలిపోతుంది. అది కాక మిగతా గాలి ఎక్కడుంది? పలుకు లోపల. మామూలు పొడిని భూతద్దంతో చూస్తే చిన్నచిన్న పూసలు కనిపిస్తాయి. ఆ పూసలు బోలుగా ఉంటాయి.

అవి బోలుగా ఎందుకయ్యాయో చెప్పే ముందు పొడిలో ఏమేం ఉంటాయో కాస్త చెప్పుకోవాలి. మురికిని వదలగొట్టే ముఖ్యమైన పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. దాని అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. బట్ట మీది జిడ్డును ఒక కొసతో పట్టి, రెండో కొసతో నీళ్ళలోకి లాక్కుపోతుంది. మన దేశంలో బట్టల పొడి చేసేవాళ్ళు దీనికోసం కొనే ముడిసరుకును బజారులో యాసిడ్ స్లర్రీ అంటారు. పెట్రోలియం నుంచి తీసిన ఒక నూనెను గంధకపు వాయువుతో చర్య జరిపిస్తే వచ్చే గోధుమ రంగు చిక్కటి ఆమ్లమది. దానికి సోడా కలిపితే ఆమ్లగుణం పోయి సర్ఫాక్టెంట్ అవుతుంది. ఇలా తయారైన సర్ఫాక్టెంట్ తనంత తాను పొడిగా ఉండే వస్తువు కాదు. అది ముద్ద. వేలికి అంటుకుంటుంది, గిన్నెకు అంటుకుంటుంది, తేమ దొరికితే ఇంకా జిగురెక్కుతుంది. ఇక మీదట వచ్చే కష్టాలన్నిటికీ మూలం ఈ జిగురే, గుర్తుపెట్టుకో.

రెండో సరుకు నీటిలోని కాఠిన్యాన్ని విరిచేది. నల్గొండలోనో అనంతపురంలోనో బోరు నీళ్ళతో సబ్బు రుద్దినవాళ్ళకు దీని సంగతి తెలుసు. ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టె మాత్రం కడుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకోవడమే కారణం. బట్టల పొడిలో సోడా, ఫాస్ఫేటు, జియోలైటు లాంటివి వేసేది ముందుగా వాటి పని పట్టడానికే. సోడాకు నూనె జిడ్డును విరిచే గుణం కూడా ఉంది. చాకిరేవుల్లో చౌడు మట్టితో బట్టలు ఉడకబెట్టిన రోజుల్లో పనిచేసింది కూడా ఆ మట్టిలోని సోడాయే.

మూడోది సోడియం సల్ఫేట్. ఇందాక చెప్పిన తెల్లటి లవణం ఇదే. మామూలు పొడుల్లో కొన్నిట్లో మూడో వంతు దాకా ఇదే ఉంటుంది. చౌక. ఇది వట్టి కల్తీ అనుకోవద్దు. జిగురు ముద్దను పట్టి నిలిపే బొమికెల గూడు ఇదే. ఇది లేకపోతే పాత పద్ధతిలో పూస నిలవదు, పొడి జలజల రాలదు.

ఇప్పుడు పూస పుట్టే చోటికి పోదాం. ఈ సరుకులన్నిటినీ నీళ్ళతో కలిపి, వేడి చేసి, చిక్కటి జావ చేస్తారు. జావలో మూడో వంతుకు పైగా నీళ్ళే ఉంటాయి. దాన్ని పదంతస్తుల మేడంత ఎత్తున్న ఉక్కు గోపురం పైకెక్కించి, గట్టి ఒత్తిడితో సన్నటి నాజిల్స్ గుండా చిమ్ముతారు. గోపురం అడుగు నుంచి 250 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిన గాలి పైకి వస్తుంటుంది. జావ చుక్క కిందికి పడుతుంటే వేడిగాలి దానికి ఎదురొస్తుంది. చుక్క పైభాగం ముందు ఆరి పొరలా గట్టిపడుతుంది. లోపల ఇంకా నీరుంది. వేడికి ఆ నీరు ఆవిరై, బయటికి దారిలేక పొరను లోపలినుంచి తోస్తుంది. చుక్క ఉబ్బుతుంది. చివరకు ఆవిరి ఏదో సందు చేసుకుని బయటికి పోతుంది, ఉబ్బిన పొర అలాగే ఆరిపోతుంది. వేడి ఇసుకలో బియ్యం బొరుగులైనట్టే ఇదీను. గింజ లోపలి తేమ ఆవిరై గింజను ఉబ్బించినట్టే, చుక్కలోని తేమ పూసను ఉబ్బించింది. శేరు బియ్యానికి ఎన్ని బొరుగులొస్తాయో తలచుకుంటే, పెద్ద ప్యాకెట్టు ఎందుకంత పెద్దదో నీకే తెలుస్తుంది.

ఈ ఉబ్బుడు వల్ల లాభం లేకపోలేదు. బోలు పూసలోకి నీళ్ళు ఇట్టే చొరబడతాయి, చన్నీళ్ళలో కూడా గబగబా కరిగిపోతుంది. గుప్పెడు వేసినా మోతాదు పెద్దగా మించదు. కొనేవాళ్ళకు పెట్టె పెద్దదిగా కనిపిస్తుంది, అది అమ్మేవాళ్ళకు మంచిదే.

నష్టం మంట దగ్గర ఉంది. టీ నీళ్ళు మరగడానికి పట్టే సమయం, అదే మంట మీద ఆ నీళ్ళు మొత్తం ఇగిరిపోవడానికి పట్టే సమయం పోల్చి చూడు. ముప్పై డిగ్రీల నీళ్ళను మరుగుకు తేవడానికి అయ్యే వేడికి ఏడున్నర రెట్లకు పైగా వేడి, మరిగే నీళ్ళను పూర్తిగా ఆవిరి చెయ్యడానికి కావాలి. గోపురంలో జరిగేది ఈ రెండో పని. ముందు మనమే నీళ్ళు కలిపి, తర్వాత ఆ నీళ్ళను పోగొట్టడానికి ఇంధనం తగలేస్తున్నామన్నమాట. పైగా తయారైన సరుకులో సగానికి పైగా గాలిని అట్టపెట్టెల్లో పోసి, లారీలకెక్కించి ఊరూరా తిప్పాలి.

ఈ లెక్కను మొదట గట్టిగా తిరగేసిన దేశం జపాన్. 1987లో అక్కడి కావో కంపెనీ అటాక్ అనే పొడిని తెచ్చింది. అప్పటిదాకా అక్కడి మెషీన్లలో 30 లీటర్ల నీటికి 40 గ్రాముల పొడి వేసేవారు. దీన్ని 25 గ్రాములు వేస్తే చాలన్నారు. తూకంలో ఇది దాదాపు మూడింట రెండు వంతులే. కానీ పొడి చిక్కబడింది కాబట్టి చోటులో నాలుగో వంతుకు దిగింది. ఇరుకు ఇళ్ళు, దుకాణం నుంచి సరుకులు చేత్తో మోసుకుపోయే అలవాటు ఉన్నచోట అది చిన్న విషయం కాదు. కొద్ది ఏళ్ళలోనే జపాన్ బట్టల పొడి బజారు దాదాపు మొత్తం ఈ దారికి మళ్ళింది.

అటాక్ రావడానికి పదేళ్ళ ముందు ఇంకో సంగతి జరిగింది. 1977లో జపాన్‌లో అతిపెద్ద సరస్సు బివాలో నాచుజాతి సూక్ష్మజీవులు పెరిగిపోయి నీళ్ళు ఎర్రబారాయి. ఇళ్ళనుంచి వచ్చే మురుగునీటిలోని ఫాస్ఫేటు వాటికి ఎరువైంది. ఒడ్డున ఉన్న ఇల్లాళ్ళు ఉద్యమం చేశారు. 1979లో షిగా రాష్ట్రం ఫాస్ఫేటు ఉన్న బట్టల పొడుల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఫాస్ఫేటుకు బదులు జియోలైటు వచ్చింది. ఇది మట్టిజాతి ఖనిజం లాంటిది, ఫ్యాక్టరీలో మెత్తటి పిండిగా తయారుచేస్తారు. నీటిలో కరగదు. తనలోని సోడియాన్ని వదిలి నీటిలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాఠిన్యం విరవడానికని తెచ్చిన ఈ పిండే తర్వాత కాన్సంట్రేట్ పొడికి ప్రాణం పోసింది. ఎలాగో చెబుతాను.

సోడియం సల్ఫేట్ తీసేశారు, సర్ఫాక్టెంట్ పాలు పెంచారు. ఏమవుతుంది? ఇందాక గుర్తుపెట్టుకోమన్న జిగురు బయటపడుతుంది. పూస లోపల గాలి ఉన్నంతసేపు జిగురు పల్చగా పరుచుకుని ఉంటుంది. గాలి పోయి, గూడు పోయి, జిగురు ఎక్కువైతే పలుకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెట్టెలో ఇటుకలా గట్టిపడతాయి. కాబట్టి ఇంజినీర్ల ముందున్న అసలు ప్రశ్న, జిగురు ముద్దను గాలి సాయం లేకుండా పొడిపొడిగా ఎలా నిలబెట్టడం అన్నది.

ఒక దారి, గోపురంలో వచ్చిన పూసల్నే తీసుకుని గట్టిగా తిరిగే మిక్సర్లో వేసి చిదిపి, మళ్ళీ గుండ్రంగా చెయ్యడం. బోలు పోతుంది, పలుకు గట్టిపడుతుంది. కానీ గోపురం ఖర్చు అలాగే ఉంటుంది.

రెండో దారిలో గోపురమే ఉండదు. నాకు ఈ విద్యలో అన్నిటికంటే తెలివైన భాగం ఇదే అనిపిస్తుంది. యాసిడ్ స్లర్రీ ఆమ్లం, సోడా క్షారం. ఆ రెండిటినీ నీళ్ళలో కలిపి తర్వాత ఆరబెట్టడం ఎందుకు? పొడి సోడా మీదే ఆమ్లాన్ని చిమ్మితే పోలేదా? అలాగే చేస్తారు. పడుకోబెట్టిన పీపాలో నడిమి ఇరుసుకు కత్తులు బిగించి, నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిప్పుతుంటారు. సోడా పొడి ఒక చివరనుంచి లోపలికి వస్తుంది, దానిమీద ఆమ్లం సన్నగా పడుతుంది. చర్యకు కావలసినదానికంటే సోడా చాలా ఎక్కువగా ఉంచుతారు. ప్రతి సోడా రేణువు పైపొర సర్ఫాక్టెంట్‌గా మారుతుంది, లోపల సోడా సోడాగానే ఉండి పలుకుకు గట్టి గింజవుతుంది. చర్యలో కొంత సోడా వంటసోడాగా మారుతుంది, అదీ పొడి పదార్థమే. కలిపిన నీళ్ళు బహుతక్కువ కాబట్టి ఆవిరి చెయ్యాల్సిందీ తక్కువే.

ఈ పీపాలో సరుకు కొద్ది సెకన్లే ఉంటుంది. తర్వాత నాగలి కర్రుల లాంటి రెక్కలున్న రెండో మిక్సర్లో నింపాదిగా కొన్ని నిమిషాలు దొర్లుతుంది. ఇక్కడే పలుకులు ఒకదానికొకటి అంటుకుని కావలసిన సైజుకు పెరుగుతాయి, గుండ్రబడతాయి. ఇక్కడ తడి పాలు చూసే మనిషి చెయ్యి తిరిగినవాడై ఉండాలి. తడి తగ్గితే అంతా దుమ్ము. ఒక్క పిసరు పెరిగితే మిక్సరు నిండా ముద్ద, దాన్ని గీకి తియ్యడానికి పూట పడుతుంది. సరిగ్గా పలుకు కట్టిన క్షణంలో జియోలైటు పిండిని పైన చల్లుతారు. అది ప్రతి పలుకుకూ పైపొరలా అంటుకుని, జిగురు జిగురును తాకకుండా అడ్డుపడుతుంది. లోపలికి వెళ్ళిన జియోలైటు తన రేణువుల సందుల్లో ద్రవరూపంలో ఉండే రెండో రకం సర్ఫాక్టెంట్‌ను పీల్చి దాచుకుంటుంది. బట్టలు తడిపాక నీటి కాఠిన్యాన్ని విరిచేదీ ఇదే. చివరగా అడుగునుంచి చల్లగాలి ఊదే తొట్టిలో పలుకుల్ని ఎగరేస్తూ చల్లార్చి, జల్లించి, లావుపాటి ఉండల్ని చిదిపి, సన్న దుమ్మును మళ్ళీ మొదటి మిక్సరుకు పంపేస్తారు.

ఇంకా పొడి పూర్తి కాలేదు. రక్తం, పాలు, పప్పు లాంటి మరకల్లోని ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములున్నాయి. వేడి తగిలితే అవి చచ్చుబడిపోతాయి కాబట్టి అన్నీ చల్లారాకే కలుపుతారు. 1960ల చివర్లో ఎంజైము దుమ్ము పీల్చిన ఫ్యాక్టరీ కార్మికులకు ఊపిరితిత్తుల ఎలర్జీలు వచ్చాయి. అప్పటినుంచి ఎంజైమును దుమ్ముగా కాక, మైనంలాంటి పొరలో మూసిన గుళికలుగా చేసి వాడుతున్నారు. అటాక్‌లో వేసిన సెల్యులేజ్ అనే ఎంజైము నేలలో బతికే ఒక బాక్టీరియా నుంచి వచ్చింది. సోడా నీళ్ళ క్షారంలోనూ అది పనిచేస్తుంది. నూలు బట్టంతా సెల్యులోజే కదా, మరి బట్టను తినెయ్యదా అని నువ్వు అడగవచ్చు. నూలుపోగులో గట్టిగా అల్లుకున్న భాగం జోలికి అది పోలేదు. వదులుగా ఉన్న భాగంలో ఇరుక్కున్న మురికికి మాత్రం దారి చేస్తుంది. వాసన నూనె ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని అన్నిటికంటే ఆఖర్న చిమ్ముతారు. పొడిలో నీలం, పచ్చ పలుకులు కనిపిస్తే అవన్నీ మందులనుకోకు. వాటిలో కొన్ని రంగు పూసిన లవణమే.

గాలి పోయినందువల్ల వచ్చిన కష్టం ఒకటి మిగిలింది. బోలు పూస ఇట్టే కరుగుతుందన్నాం. గట్టి పలుకు అలా కరగదు. నీళ్ళు తగలగానే సర్ఫాక్టెంట్ ముందు జెల్లీలా సాగి, లోపలికి నీళ్ళు పోకుండా తలుపు మూసేస్తుంది. కుప్పగా పోసిన పొడి మీద నీళ్ళు పోస్తే ముద్ద కట్టి బకెట్టు అడుగున ఉండిపోయేది ఇందుకే. పలుకుల్ని సన్నగా, ఒకే సైజులో ఉంచడం, జిగురుకు మధ్యమధ్య తొందరగా కరిగే లవణాలు పెట్టడం ఫ్యాక్టరీవాళ్ళు చేసే పని. ముందు బకెట్లో నీళ్ళు పోసి, పొడిని చల్లుతూ చేత్తో కలపడం మనం చేసే పని. అలా కలిపేటప్పుడు తడి అరచేతిలో పొడి గోరువెచ్చగా తగులుతుంది, గమనించావా? సోడా నీళ్ళను పీల్చుకుంటూ వేడి విడుదల చేస్తుంది.

మన దేశంలో ఈ కథ కొంచెం తమాషాగా నడిచింది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గరే పొడి కలిపి సైకిల్ మీద తిరిగి అమ్ముతూ నిర్మా మొదలుపెట్టాడు. గోపురం కట్టే డబ్బు లేదు, అవసరమూ పడలేదు, సోడాతో ఆమ్లాన్ని నేరుగా కలిపితే పొడి వస్తుంది. 1991లో ఏరియల్ కాన్సంట్రేట్ పొడిగా మన బజారులోకి వచ్చింది. గోపురం లేకుండా నడిచే ఖరీదైన కాన్సంట్రేట్ ఫ్యాక్టరీలో జరిగేదీ, ఊరి చివర షెడ్డులో పారతో పొడి తిరగేసే చిన్న యూనిట్లో జరిగేదీ మౌలికంగా ఒకటే రసాయన చర్య. తేడా అంతా ఎంత మెత్తగా, ఎంత సమంగా కలిపారన్నదాంట్లోనూ, సర్ఫాక్టెంట్ ఎంత ఎక్కించగలిగారన్నదాంట్లోనూ ఉంది. చేత్తో కలిపితే జిగురును అదుపు చెయ్యలేరు కాబట్టి సర్ఫాక్టెంట్ తగ్గించి సోడా పెంచాల్సి వస్తుంది. అలాంటి చౌక పొడులతో చేతులు మండేది అందుకే.

ఇక వాడేవాళ్ళ సంగతి. పొడిని మనం తూచి వెయ్యం, కళ్ళతో కొలిచి వేస్తాం. పెద్ద ప్యాకెట్టు పొడి వంద మిల్లీలీటర్ల కప్పుకు 35 గ్రాములు తూగితే, చిన్నదాంట్లోది అదే కప్పుకు 75 గ్రాములు తూగుతుంది. అలవాటు కొద్దీ అదే కప్పు వేస్తే మోతాదు రెట్టింపు దాటుతుంది. బట్టలు రెండింతలు తెల్లబడవు. నురగ మాత్రం తగ్గక, రెండుసార్లు జాడించాల్సిన బట్టల్ని నాలుగుసార్లు జాడిస్తాం. నీళ్ళ ట్యాంకరు కొనుక్కునే వీధుల్లో ఇది చిన్న నష్టం కాదు. నురగ చూసి ఉతుకును అంచనా వెయ్యడం మనకు బార్ సబ్బు రోజుల నుంచీ ఉంది. నురగ లేకుండానూ మురికి పోతుంది, మెషీన్ల కోసం చేసే పొడుల్లో నురగ తగ్గించే మందు కావాలనే కలుపుతారు. ప్యాకెట్లో చెంచా పెట్టి ఇవ్వడం, డబ్బా మీద గీతలు గీయడం ఈ కళ్ళ కొలతను మాన్పించడానికే. జపాన్‌లో అటాక్ ప్రకటనలు కూడా ఒక్క చెంచా అన్న మాట చుట్టూనే తిరిగాయి.

ఇంటికి తెచ్చాక ఒక జాగ్రత్త. వానాకాలంలో ప్యాకెట్టు మూతి తెరిచి వదిలేస్తే పొడి గడ్డకడుతుంది. పలుకుల మీద చేరిన తేమలో కొంచెం సోడా కరిగి, మళ్ళీ ఆరేటప్పుడు రెండు పలుకుల మధ్య వంతెనలా గట్టిపడుతుంది. మరకలు తెల్లబరిచే పెర్‌కార్బొనేటు ఉన్న పొడికైతే ఇంకో నష్టం కూడా ఉంది. తేమ తగిలితే అది ప్యాకెట్లోనే కొంచెం కొంచెంగా విడిపోయి, బట్టకు అందాల్సిన ఆక్సిజన్‌ను గాలిలోకి వదిలేస్తుంది. పొడిని మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి, చెంచాను తడి చేత్తో ముట్టుకోకుండా, ట్యాపుకు దూరంగా ఉన్న అరలో పెట్టమని ఇంట్లో చెప్పు.